పసుపు టేపుకు ఎడమవైపు

మార్చి 3, సోమవారం

పొద్దున్న స్టోరు తలుపు తీసేసరికి నేల మీద పసుపు టేపు అంటించి ఉంది. గుమ్మం నడిమధ్య నుంచి ఎదురు గోడ దాకా, దారం పట్టి గీసినట్టు తిన్నగా. ఎడమవైపు నా అచ్చుల ర్యాకులు. కుడివైపు ఖాళీ. శనివారం దాకా ఆ ఖాళీలో నా ప్లాస్టర్ బస్తాలు ఉండేవి. ఇప్పుడవి ర్యాకుల ముందు, నేను నిలబడాల్సిన చోట, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

గోడ మీద కాగితం. "ఎడమ వర్క్‌షాపుకు. కుడి ఆఫీసుకు. దయచేసి గీత దాటవద్దు. మేనేజర్."

దయచేసి అట.

ఈ దయచేసి మనిషికి పదకొండేళ్ళ కిందట ప్లాస్టర్‌లో నీళ్ళెన్ని పొయ్యాలో తెలియదు. "అక్కా, మళ్ళీ గడ్డకట్టింది" అంటూ బకెట్టు పట్టుకుని వచ్చి నిలబడేవాడు. నేనే నేర్పాను. కాలు పోయినవాళ్ళకి మిగిలిన కాలి చుట్టూ కట్టు ఎలా చుట్టాలో, ఎండాక ఎలా జార్చి తీయాలో, ఆ గుల్లలో ప్లాస్టర్ పోసి అచ్చు ఎలా తీయాలో, ఆ అచ్చు మీద కాలు దూరే సాకెట్ ఎలా చేయాలో, అన్నీ. ఏడేళ్ళు నా పక్క బల్లే. తర్వాత ఏదో కోర్సు చదివి పై ఆఫీసుకు వెళ్ళాడు. ఈ జనవరిలో మా కృత్రిమ కాళ్ళ విభాగానికే మేనేజరై తిరిగొచ్చాడు. వచ్చిన రోజు అందరి ముందూ నన్ను "మేడం" అన్నాడు. నేను "సార్" అన్నాను. చెల్లుకు చెల్లు.

కుడివైపు ఏం పెడతారని అడిగితే కొత్త మిషను వస్తోందన్నాడు. కాలు దాని ముందు పెడితే కంప్యూటర్లోకి కొలతలు వచ్చేస్తాయట. ప్లాస్టర్ అక్కర్లేదట.

"అచ్చులు కూడా అక్కర్లేదు మేడం. ఎప్పటెప్పటివో ఉన్నాయి. ఏడాది దాటినవి తీసేద్దాం."

మూడొందల పన్నెండు అచ్చులు. ఒక్కొక్కటీ ఒక మనిషి కాలు. తీసేద్దాం అని ఎలా అనగలిగాడో.

మార్చి 4

ఆయా వచ్చి, "నా బకెట్టూ, తుడిచే కర్రా ఏ పక్కన పెట్టుకోమంటావమ్మా" అని అడిగింది. మా విభాగమంతటికీ ఆయా ఒక్కతే. ఊడవడం, తుడవడం, పేషెంట్లను భుజం పట్టి నడిపించడం, అన్నీ ఆమే. ఆమె సామాను ఇన్నాళ్ళూ స్టోరులో గుమ్మం పక్క మూల ఉండేది. ఇప్పుడు ఆ మూల మీదుగా టేపు పోయింది.

"సార్‌ని అడుగు" అన్నాను.

సార్ "మేడంని అడుగు" అన్నాడట. సాయంత్రం చూస్తే బకెట్టు మెట్ల కింద ఉంది.

మార్చి 6, గురువారం

కొలిచాను. గది వెడల్పు తొమ్మిదడుగులు. ఎడమవైపు నాలుగడుగుల మూడంగుళాలు. కుడివైపు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. సగం సగం అని చెప్పిన మనిషి.

వెళ్ళి అడిగాను. "తలుపు తెరుచుకునే జాగా పోతుంది కదా మేడం, ఆ మేరకు సర్దాను" అన్నాడు, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. ఏడేళ్ళు తీసి మూసిన తలుపు.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఆయన గడియారాలు బాగుచేస్తారు. కంటికి అద్దం పెట్టుకుని ఏదో చిన్న చక్రం మీద పడి ఉన్నారు.

"ఆరంగుళాల్లో ఏం పడుతుంది?" అన్నారు.

"ఏం పడుతుందన్నది కాదు."

"మరి?"

కూర కలపాలని లేచాను.

మార్చి 7, శుక్రవారం

పాత అచ్చులు పనికొస్తాయన్న నా మాటే నిజమైంది. నా పాత పేషెంటు ఒకాయన, పోస్ట్‌మాన్, వచ్చాడు. సాకెట్ పగిలి, తాడుతో కట్టుకుని, కర్ర ఊతంతో మెట్లెక్కి వచ్చాడు. రెండేళ్ళ కిందటి అచ్చు నా దగ్గర భద్రంగా ఉంది. "మళ్ళీ కట్టూ కొలతా ఏమీ అక్కర్లేదు, నీ కాలు నా దగ్గరే ఉంది, సోమవారం రా" అన్నాను. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. వినపడేలాగే అన్నాను.

మార్చి 10

పోస్ట్‌మాన్‌కి సాకెట్ సరిపోయింది. కాలు వదులు కాకుండా మూడు మేజోళ్ళు తొడిగితే సరిపోయింది.

మార్చి 12, బుధవారం

పోస్ట్‌మాన్ మళ్ళీ వచ్చాడు. పుండు పడింది. కాలు సన్నబడింది. రెండేళ్ళలో ఎవరికైనా సన్నబడుతుంది, అందులో వింతేమీ లేదు. వర్క్‌షాపు తలుపు దగ్గరికి వేసి, కొత్తగా కట్టు చుట్టి అచ్చు తీశాను. మేనేజరు ఏదో మీటింగ్‌లో ఉన్నాడు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

పాత అచ్చు కూడా అరలోనే పెట్టాను. ఎందుకైనా మంచిది.

మార్చి 13

ఆఫీసు పెట్టెలు గీత దాటాయి. మూడు పెట్టెలు, ఇనప మోకాలి కీళ్ళవి, సరిగ్గా నా కిటికీ పక్క ర్యాక్ ముందు. జానెడు కాదు, మూరెడు దాటాయి. కింది రెండు అరలూ అందడం లేదు. కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను: "దయచేసి గీత దాటవద్దు."

సాయంత్రానికి జవాబు. అదే కాగితం వెనక. "రెండు రోజులు సర్దుకోండి. మిషను బీరువా వస్తోంది."

సర్దుకోవడం ఎప్పుడూ ఎడమవైపువాళ్ళ పనే.

మార్చి 14, శుక్రవారం

ఈ రోజు ఒక పని చేశాను. గీత దాటిన మూడు పెట్టెలనూ తీసి కిటికీ పక్క ర్యాక్ మీద, అన్నిటికంటే పై అరలో పెట్టేశాను. అక్కడైతే ఎవరి కాళ్ళకీ అడ్డం రావు. ఆయనకి కావాలంటే స్టూలెక్కి తీసుకుంటాడు.

చాలా రోజుల తర్వాత బస్సులో కూర్చోగానే నిద్ర పట్టింది.

మార్చి 15, శనివారం

సగం రోజే పని. భుజం పట్టేసింది. "ఏం ఎత్తావు" అన్నారు మావారు. ఏమీ ఎత్తలేదన్నాను.

మార్చి 17, సోమవారం

ర్యాక్ పడింది.

పొద్దున్న తొమ్మిదింపావుకి. నేను బట్టల మీద ఆప్రాన్ కట్టుకుంటున్నాను. లారీలోంచి రాళ్ళు దింపినట్టు చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆయా "అమ్మా" అంది, గట్టిగా కూడా కాదు, పక్కగదిలోంచి పిలిచినట్టు.

కిటికీ పక్క ర్యాక్. బోర్లా పడింది. గదంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో పగిలిన కాళ్ళు. ఆయా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కుడి పాదం మీద పెట్టె. మేనేజరు పరిగెత్తుకొచ్చి పెట్టె లేపాడు. నేను చెప్పు తీశాను. చెప్పు తీయకుండా ఉండాల్సింది.

ఆస్పత్రి ఆవరణలోనే ఉన్నాం కాబట్టి పది నిమిషాల్లో ఎక్స్‌రే తీశారు. మూడు వేళ్ళు విరిగాయి. రెండో వేలు రెండు చోట్ల. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు.

అంత బరువు పై అరలో ఎవరు పెట్టారని నర్సు అడిగింది. ఎవరికీ తెలియదు.

మార్చి 18

ఆ ర్యాక్ నేను చేరకముందు నుంచీ ఉంది. కాళ్ళు తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు పట్టిన ఇనుము ఎప్పుడైనా విరుగుతుంది. పై అరలో ఏమున్నా లేకపోయినా.

కిటికీలోంచి వాన చెమ్మ కూడా వస్తుంది.

మార్చి 19

వెళ్ళి చూశాను. తుప్పు లేదు.

మార్చి 20, గురువారం

మూడు పెట్టెలు. ఒక్కొక్కటి పదకొండు కిలోలు. పెట్టె మీద అచ్చేసి ఉంది.

మార్చి 21, శుక్రవారం

పెద్ద డాక్టరు పిలిచారు. ఆస్పత్రి మొత్తానికి పెద్ద ఆయనే. నేనూ, మేనేజరూ పక్కపక్క కుర్చీల్లో. ఆయన ముందు ఒక్క కాగితం.

"స్టోరు ఎవరి కింద ఉంది?"

"నా కింద సార్" అన్నాడు మేనేజరు.

"మరి పెట్టెలు పైన ఎవరు పెట్టారు?"

మేనేజరు నా వైపు చూడలేదు. నేను చెబుదామనే అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా. పెద్ద డాక్టరు నాకు మంచినీళ్ళ గ్లాసు జరిపారు.

"ఎవరికీ తెలీదంటే ఎలా? సరే. ఆయా ఊడుస్తూ ఊడుస్తూ ర్యాక్ పట్టుకుని లాగుంటుంది. వాళ్ళకి ఒక పద్ధతీ పాడూ ఉండదు. అజాగ్రత్త అని రాస్తాను. ఆమెది కాంట్రాక్టు పనే కదా, జూన్‌లో అయిపోతుంది. పొడిగించకుండా వదిలేద్దాం. గొడవ ఉండదు."

నేనేమీ అనలేదు. మేనేజరూ ఏమీ అనలేదు. జనవరి నుంచి ఈ రోజు వరకూ మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నది ఇదే మొదటిసారి.

బయటికొచ్చాక వరండాలో "అక్కా" అన్నాడు. ఎవరూ లేరు చుట్టుపక్కల. నేను వినపడనట్టు బాత్రూమ్‌లోకి వెళ్ళాను. అక్కడ చాలాసేపు చేతులు కడుక్కున్నాను. ప్లాస్టర్ అంటిన రోజు కూడా అంతసేపు కడుక్కోను.

మార్చి 22, శనివారం

వాడికి తెలుసు. తెలిసే చెప్పలేదు. నన్ను కాపాడుతున్నాడు. లేదా దాచుకుని, రేపెప్పుడైనా అచ్చుల మాటొచ్చినప్పుడు బయట పెడతాడు. ఏదైనా నాకు ఇష్టం లేదు. వాడి దయ నాకెందుకు.

ఇంట్లో గిన్నెలన్నీ తీసి మళ్ళీ సర్దాను. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు. "ఆ గది సంగతా?" అన్నారు. "కాదు" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా పై అరలోకి గిన్నెలు అందించారు. అందుకుని కింది అరలోనే పెట్టాను.

మార్చి 23, ఆదివారం

ఏమీ లేదు.

మార్చి 24, సోమవారం

పని నిలవడం లేదు. ఒక సాకెట్ అంచు ఎక్కువ అరగదీశాను, పారేయాల్సి వచ్చింది. ఆయా లేక వర్క్‌షాపు నిండా పొడి. మెట్ల కింద బకెట్టు అలాగే ఉంది. మేనేజరు రెండుసార్లు వచ్చి రెండుసార్లూ ఏదో కాగితం అడిగి వెళ్ళాడు. అడిగిన కాగితం వాడి బల్ల మీదే ఉంటుంది, నాకు తెలుసు.

మార్చి 26, బుధవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆయా ఇంటికి వెళ్ళాను. బస్సు దిగి రెండు సందులు. ముందుగది, వెనకగది, అంతే. మంచం మీద దిండు వేసి కాలు దాని మీద పెట్టుకుంది. కోడలు పనికి వెళ్ళిందట. నేను లోపలికి రాగానే లేవబోయింది. వద్దంటే వినదు. భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాను.

పళ్ళు తీసుకెళ్ళాను. ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

"ఎలా పడిందే అది?" అన్నాను. ఎందుకు అలా అడిగానో. తెలిసి కూడా.

ఆయా నా మొహంలోకి చూసింది. "బకెట్టు కోసం వెళ్ళానమ్మా. మెట్ల కింద పెడితే ఎవరో తన్నేస్తున్నారు, నీళ్ళు పోతున్నాయి. మూల చోటుందేమో చూద్దామని లోపలికెళ్ళా. ర్యాక్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. అదే వంగింది."

"డాక్టరుగారు నువ్వు లాగావంటున్నారు."

"విన్నా. సార్ ఫోన్ చేసి చెప్పారు."

మేనేజరు ఫోన్ చేశాడు. నేను చేయలేదు.

"మరి నువ్వు నిజం చెప్పొచ్చు కదా" అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

"ఏం చెప్పనమ్మా? ఆ రోజు స్టూలు కదలకుండా పట్టుకోమంటే పట్టుకుంది నేను. పెట్టెలు ఒక్కొక్కటే కిందనుంచి అందించింది నేను. నా పేరూ వస్తుంది కదా. పని పోద్దని నోరు మూసుకున్నా."

ఇది ఈ డైరీలో నేను రాయలేదు. పద్నాలుగో తారీకు తీసి చూశాను ఇప్పుడే. పెట్టాను, పెట్టేశాను అని రాసుకున్నాను. ఆయా పేరే లేదు. పదకొండు కిలోల పెట్టె తల మీదికి ఎత్తి నా చేతికందించిన మనిషి. "మెల్లగా అమ్మా, భుజం పట్టేసుద్ది" అని కూడా అంది.

"అయినా ఒక్క నువ్వే అని ఎలా చెప్పను" అంది ఆయా. "శనివారం నువ్వెళ్ళాక సార్ ఆ ర్యాక్‌ని గోడకి పట్టుంచే ఇనప ముక్కలు విప్పారు. బీరువాకి చోటు చాల్లేదని ర్యాక్ అటు జరిపారు. లోపల చీకటిగా ఉంటే టార్చి పట్టింది కూడా నేనే. అవి దేనికో నాకేం తెలుసు? సోమవారం మళ్ళీ బిగిస్తానన్నారు. మీ ఇద్దరికీ చెరో చెయ్యి వేశా. కాలు నాది పోయింది."

నవ్వింది. ఏడవలేదు, తిట్టలేదు. పళ్ళు నా ఒళ్ళోంచి తీసుకుని కోడలికి ఇష్టమని పక్కన పెట్టుకుంది.

మార్చి 27

క్లాంపులు. క్లాంపులు విప్పింది వాడు.

గోడకి బిగించి ఉంటే ముప్పై మూడు కిలోలు కాదు, మనిషెక్కి కూర్చున్నా పడేది కాదు ఆ ర్యాక్. పదహారేళ్ళుగా పడలేదు. కాబట్టి నా వల్ల కాదు. వాడు దయతో నోరు మూసుకోలేదు. భయపడి మూసుకున్నాడు.

పొద్దున్నంతా ఎంత తేలిగ్గా ఉందో. టీ రెండుసార్లు తాగాను. పెద్ద డాక్టరుకి ఏం చెప్పాలో, ఏ మాట ముందు చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. "సార్, క్లాంపులు ఎవరు విప్పారో అడగండి." అంతే. పెట్టెల మాట రానక్కర్లేదు.

మధ్యాహ్నం ఒక పేషెంటును నడిపించాలి. ఆయా లేదు కాబట్టి నేనే పట్టుకున్నాను. లావుపాటి ముసలాయన. మొదటిసారి కొత్త కాలు మీద నిలబడుతున్నాడు. నా భుజం మీద మొత్తం బరువు వేసి, "వదలకమ్మా" అన్నాడు. వదలనన్నాను. అవతలి చివర దాకా నడిపించాను. అది రోజూ ఆయా చేసే పని.

ఆ తర్వాత టీ తాగలేదు.

మార్చి 28, శుక్రవారం

మేనేజరు స్టోరులో ఉన్నాడు. ఒక్కడే, నేల మీద కూర్చుని పగిలిన ముక్కలు గోనెలోకి ఎత్తుతున్నాడు. పదకొండు రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు వాటిని. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"క్లాంపులు నువ్వు విప్పావట" అన్నాను. నువ్వు అన్నానని తర్వాత తెలిసింది.

ముక్క చేతిలోనే ఉంది. "ఆయా చెప్పిందా?"

"నేను వెళ్ళాను వాళ్ళింటికి."

"నేనూ వెళ్ళాను. నిన్న." ముక్క మీది దుమ్ము తుడిచాడు. "పెట్టెలు నువ్వు పెట్టావని ఆమె చెప్పలేదు. నాకు ముందే తెలుసు. శనివారం క్లాంపులు విప్పేటప్పుడే చూశా, తల మీద ఉన్నాయి. దించొచ్చు. స్టూలు పక్కనే ఉంది."

"మరి ఎందుకు దించలేదు?"

"నేను దించితే నువ్వు గెలిచినట్టని. సోమవారం నిన్ను పిలిచి, నీ చేతే దింపించాలని." ముక్కను గోనెలో వేశాడు. "ర్యాక్ జరిపేటప్పుడు ఊగింది అక్కా. ఊగడం చూశా. తాళం వేసి ఇంటికెళ్ళిపోయా. ఆదివారమంతా అది కళ్ళ ముందే ఊగింది."

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. టేపు మీద. ఎవరి వైపు కూర్చున్నానో చూసుకోలేదు.

"నేను నిన్న నీ మీద చెప్పేద్దామనుకున్నాను. క్లాంపుల సంగతి మాత్రమే" అన్నాను.

"నేను మొన్ననే అనుకున్నా. పెట్టెల సంగతి మాత్రమే."

నవ్వు రాలేదు ఇద్దరికీ. ఇంకో గోనె తీసుకున్నాను. పగలని అచ్చులు కూడా కొన్ని ఉన్నాయి. ఒకటి తీసి చూశాను, మీద తారీకు ఉంది, తొమ్మిదేళ్ళ కిందటిది. ఆ మనిషి కాలు ఇప్పుడు ఇలా ఉండదు. ఇలా ఉండదని నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. పోస్ట్‌మాన్ సంగతి చెప్పాను వాడికి. పుండు పడిన సంగతి.

"మరి ఎందుకు దాచావు ఇవన్నీ?" అన్నాడు. తప్పు పట్టే గొంతు కాదు.

"పదహారేళ్ళు ఏం చేశానంటే చూపించడానికి ఏముంది? కాళ్ళు వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోతారు."

ఇది మావారు ఆరంగుళాల గురించి అడిగిన రోజు తట్టాల్సిన జవాబు.

మార్చి 31, సోమవారం

ఇద్దరం వెళ్ళాం. పెద్ద డాక్టరు మొదట వినదలుచుకోలేదు. "అయిపోయింది కదా, సంతకం కూడా పెట్టేశాను" అన్నారు.

"చించెయ్యండి సార్" అన్నాడు మేనేజరు. వాడి గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. క్లాంపులు తను విప్పినట్టు, ర్యాక్ ఊగడం చూసి వెళ్ళిపోయినట్టు చెప్పాడు. నేను పెట్టెల సంగతి చెప్పాను. ఎందుకు పెట్టానని అడిగారు.

"కోపంతో సార్."

"దేని మీద?"

"ఆరంగుళాల మీద."

ఆయన కళ్ళజోడు తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చదువుకున్నవాళ్ళు, వయసొచ్చినవాళ్ళు అంటూ మొదలుపెట్టి పావుగంట తిట్టారు. అన్నీ నిజమే. ఆయా ఎవరు చెప్పిన పని వాళ్ళకు చేసిందని, ర్యాక్ ముట్టుకోలేదని మా ఇద్దరి చేతా విడివిడిగా రాయించుకున్నారు. మేనేజరు రాస్తూ తల గోక్కుంటుంటే నా కాగితం చూపించాను. పాత అలవాటు. "కాపీ కొట్టకండి" అన్నారు పెద్ద డాక్టరు.

ఏప్రిల్ 2

ఇద్దరికీ మెమో వచ్చింది. వాడి మేనేజరు పదవి ఆరు నెలల పాటు ప్రొబేషన్‌లో ఉంటుందట. నా సీనియారిటీ ఏడాది వెనక్కి పోయింది. ఆయాకి పనిలో తగిలిన దెబ్బ అని రాశారు, ఆరు వారాలూ హాజరు వేస్తారు, జూన్ తర్వాత కూడా ఉంటుంది.

మావారికి మెమో చూపించాను. మొత్తం చదివారు, అద్దం తీసి. "భుజం ఎలా ఉంది?" అన్నారు. అప్పుడు ఏడ్చాను.

ఏప్రిల్ 9, బుధవారం

అచ్చులు ఏరుతున్నాం. రోజుకో అర. ఈ ఏడాదివి ఉంచుతాం, పిల్లలవి ఎదుగుదల చూడడానికి ఉంచుతాం, మిగతావి పోతాయి. మొదటి రోజు ఒక్కటి పారేయడానికి గంట పట్టింది నాకు. ఈ రోజు ముప్పై పోయాయి. నిమ్మళంగా ఏమీ లేదు. బస్సులో ఎవరైనా కుంటుతూ ఎక్కితే ఆ కాలు నేను చేసిందేమో అని చూస్తున్నాను. ఇది ముందు లేదు.

కొత్త మిషను వచ్చింది. మొదటి కొలత తప్పు చూపించింది. మేనేజరు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. అనాలని మాత్రం ఉండింది.

ఏప్రిల్ 28, సోమవారం

ఆయా కట్టు విప్పారు. రెండో వేలు వంగి అతుక్కుంది, ఇక తిన్నగా రాదు. మామూలు చెప్పు వేస్తే ఒరుసుకుంటుంది. నేను చేస్తానన్నాను, పాదానికి తగ్గట్టు మెత్తటి అడుగు వేసి చెప్పు.

"మిషన్లో తీద్దామా?" అన్నాడు మేనేజరు.

"ఆ పెట్టెలో నేను కాలు పెట్టను" అంది ఆయా.

అందుకని ప్లాస్టరే. మేనేజరు చొక్కా చేతులు మడిచి బకెట్టులో కలిపాడు. గడ్డకట్టలేదు. ఆయా ఎత్తు కుర్చీలో కూర్చుంది, పేషెంట్లు కూర్చునే కుర్చీ. పదేళ్ళుగా తుడిచిన కుర్చీలో మొదటిసారి కూర్చుంది. నేను నేల మీద కూర్చుని ఆమె పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక్కి లాక్కుంది.

"నువ్వు నా కాళ్ళు పట్టుకోవడమేంటమ్మా, బాగోదు."

"నా పనే కాళ్ళు పట్టుకోవడం" అన్నాను. "ఊరికే కదలకు."

తడి కట్టు చుట్టాను. చల్లగా ఉందంది. కాసేపటికి వెచ్చబడుతోందంది. అది గట్టిపడేటప్పుడు వెచ్చబడుతుందని మేనేజరు చెప్పాడు. వంగిన వేలి దగ్గర నా బొటనవేలితో నొక్కి పట్టుకుని ఉండాల్సి వచ్చింది, పదినిమిషాలు.

మే 2, శుక్రవారం

చెప్పులు అయ్యాయి. ఆయా వేసుకుని వర్క్‌షాపు ఆ చివర నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచింది. ఒరుసుకోవడం లేదంది. ఇంకోసారి నడిచింది, ఈసారి ఊరికే.

బల్ల మీద ఆమె పాదం అచ్చు ఉంది. తెల్లగా, వంగిన వేలితో సహా. దాన్ని వంగి చూసింది.

"దీన్నేం చేస్తారిప్పుడు?"

"స్టోరులో పెడతాం. చోటు బోలెడుంది ఇప్పుడు" అన్నాను.

"ఏడాది ఉంచొచ్చు" అన్నాడు మేనేజరు. "చెప్పు అరిగితే మళ్ళీ చేసుకోవడానికి."

"వద్దు" అంది ఆయా. "నా కాలు ఆ గదిలో ఒకసారి ఉంది, చాలు. సుత్తి ఇటివ్వండి."

మేనేజరు నా వైపు చూశాడు. నేను సుత్తి ఇచ్చాను. మొదటి దెబ్బకి పగల్లేదు, నేను పోసిన ప్లాస్టర్ గట్టిది. మూడో దెబ్బకి మడమ దగ్గర చీలింది. తర్వాత తీరిగ్గా, వేలు వేలూ కొట్టింది. అయ్యాక సుత్తి బల్ల మీద పెట్టి, ఎత్తు కుర్చీలో కూర్చుని, కొత్త చెప్పుల కాళ్ళు చాపుకుంది.

నేను చేట తెచ్చాను. మేనేజరు చీపురు పట్టుకున్నాడు. ఇద్దరం వంగి ఊడ్చాం.

"అదిగో, బల్ల కింద ఇంకా ఉన్నాయి" అంది ఆయా.

ఊడ్చాం.